టాక్టిషియన్‌లో గెలవాలంటే ముందు టర్నులు లెక్కపెట్టు

తమ్ముడూ, నువ్వు చాలా పొడుగ్గా అడిగావు కాబట్టి ముందు నీ ప్రశ్నని కుదించి చెప్పుకుంటాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకి కూడా పనికొస్తుంది. నువ్వుండేది బొబ్బిలి. బాల్డర్స్ గేట్ 3 ఆడటం ఇదే మొదటిసారి, అయినా నేరుగా టాక్టిషియన్ అనే కఠినమైన మోడ్ పెట్టుకున్నావు. ఇప్పుడు లెవెల్ 4. నీ హీరోకి లెవెళ్లని మూడు క్లాసులకి, అంటే వృత్తులకి, పంచావు: ఫైటర్ (యోధుడు) 2, రోగ్ (దొంగ) 1, విజార్డ్ (మాంత్రికుడు) 1. స్ట్రెంత్ 14, డెక్స్టెరిటీ 14, ఇంటెలిజెన్స్ 14, మిగతావన్నీ 10, 12. గోబ్లిన్ క్యాంపులో ఏడుసార్లు, బావిలోంచి దిగితే వచ్చే పెద్ద సాలీడు దగ్గర నాలుగుసార్లు పార్టీ మొత్తం పోయింది. "కత్తీ ఉండాలి, మంత్రమూ ఉండాలి, డ్యామేజ్ మాత్రం అస్సలు చాలట్లేదన్నా, ఒక మంచి బిల్డ్ చెప్పండి" అన్నావు.

బిల్డ్, అంటే క్లాసు, స్టాట్ల కూర్పు, చెప్తాను. కానీ డ్యామేజ్ చాలకపోవడం జ్వరం లాంటిది, రోగం వేరే ఉంది. నీ నలుగురికీ కలిపి రౌండుకి నాలుగు టర్నులు వస్తాయి. అవతల పది మంది ఉంటే వాళ్లకి పది. ఈ లెక్క మార్చలేకపోతే ఏ బిల్డ్ పెట్టుకున్నా ఇంతే. నేను శ్రీకాకుళంలో ఉంటాను, ఈ గేమ్ 2023 ఆగస్టులో వచ్చిన దగ్గర్నుంచి ఆడుతున్నాను, టెక్కలిలో ఉండే మా బావమరిదితో కలిసి రాత్రిపూట రెండుసార్లు టాక్టిషియన్ పూర్తి చేశాను, తర్వాత ఒంటరిగా ఆనర్ మోడ్ కూడా. అది అదే ఏడాది నవంబరు 30న ఐదో ప్యాచ్‌తో వచ్చింది. ఒకటే సేవ్ ఉంటుంది, అందరూ పోతే అక్కడితో సరి. మూడుసార్లు ఓడి నాలుగోసారి గట్టెక్కాను. ఆ మూడు ఓటముల్లో ఒక్కటి కూడా బిల్డ్ చాలక వచ్చింది కాదు, మూడింట్లోనూ మనవాళ్ల టర్నులు వృథా అయిపోయి అవతలివాళ్లవి అన్నీ పనికొచ్చాయి.

సరే, ముందు నీ హీరో సంగతి చూద్దాం. లేరియన్ వాళ్లు ఈ గేమ్‌ని డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాల మీద కట్టారు. ప్రతి దెబ్బకీ వెనకాల ఇరవై ముఖాల పాచిక ఒకటి పడుతుంది, దానికి నీ స్టాట్ బోనస్, ప్రొఫిషియెన్సీ బోనస్ కలుస్తాయి, మొత్తం శత్రువు ఆర్మర్ క్లాస్‌కి, అంటే వాడి రక్షణ అంకెకి, చేరితే తగులుతుంది. స్టాట్ 10 అయితే బోనస్ సున్నా, ఆపైన ప్రతి రెండింటికీ ఒకటి పెరుగుతుంది. అంటే 14కి +2, 15కీ +2నే, 16కి +3. లెవెల్ 4 వరకు ప్రొఫిషియెన్సీ +2. నీ కత్తి దెబ్బకి కలిసేది మొత్తం +4. ఎదురుగా ఆర్మర్ క్లాస్ 15 ఉన్నవాడు నిలబడితే పాచిక మీద 11 లేదా ఆపైన పడాలి. అంటే సగానికి సగం దెబ్బలు గాల్లోకే పోతున్నాయి. నీ టర్నుల్లో సగం అక్కడే పోయాయన్నమాట.

స్ట్రెంత్ 17తో మొదలుపెట్టి లెవెల్ 4లో వచ్చే ఫీట్‌తో (ఒక స్టాట్‌నో శక్తినో పెంచే ఎంపిక) 19 చేసుకున్నవాడికి కలిసేది +6, తగిలే అవకాశం 60 శాతం. నీకు ఆ ఫీటే రాలేదు, గమనించావా? ఫీట్ అనేది మొత్తం లెవెల్‌ని బట్టి రాదు, ఒకే క్లాసులో నాలుగో లెవెల్‌కి వస్తేనే వస్తుంది. నువ్వు మూడు క్లాసుల్లో తిరిగావు, మూడు పడవల మీద కాళ్లు పెట్టినట్టయింది. ఇంకా పెద్ద దెబ్బ లెవెల్ 5లో తగులుతుంది. ఫైటర్, పాలడిన్, బార్బేరియన్, రేంజర్, మాంక్, వీళ్లలో ఎవరైనా ఒకే క్లాసులో 5కి వస్తే ఒక యాక్షన్‌కి రెండు దెబ్బలు కొడతారు, విజార్డ్, క్లెరిక్ (పూజారి) అయితే మూడో స్థాయి మంత్రాలు వస్తాయి. ఈ గేమ్‌లో అన్నిటికన్నా పెద్ద మెట్టు అదే. నువ్వు లెవెల్ 5కి వచ్చినా అదే ఒక్క దెబ్బ, అదే మొదటి స్థాయి మంత్రం. మల్టీక్లాస్ మంచిదే, నేనూ చేస్తాను, కానీ మొదటి క్లాసుని 5 దాకా తీసుకెళ్లాకే. మొత్తం లెవెల్ 12 దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఎక్కడ ఎన్ని ఖర్చు పెడుతున్నావో లెక్క ఉండాలి.

అదృష్టం ఏంటంటే ఇదంతా నిమిషంలో సరిదిద్దుకోవచ్చు. నీ క్యాంపులో విథర్స్ ఉంటాడు కదా, ఆ ఎండిపోయిన శవంలాంటి పెద్దాయన, ఆయనకి 100 గోల్డ్ ఇస్తే క్లాసు, స్టాట్లు, మంత్రాలు అన్నీ మొదటి నుంచి పెట్టుకోవచ్చు. ఎన్నిసార్లయినా. మొత్తం ఆట మళ్లీ మొదలుపెట్టాలేమో అని భయపడ్డావు, అక్కర్లేదు.

కత్తీ మంత్రమూ రెండూ కావాలన్నావు కాబట్టి నా సలహా పాలడిన్, మంత్రాలు కూడా వేసే యోధుడు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎనిమిదో ప్యాచ్‌లో 12 కొత్త సబ్‌క్లాసులు చేరాయి, వాటిలో కత్తి పట్టే విజార్డ్ బ్లేడ్‌సింగర్ కూడా ఉంది, చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ మొదటిసారి ఆడేవాడికి అది సున్నితమైన పని. పాలడిన్ అయితే తప్పు చేసినా నిలబడతాడు. స్టాట్లు ఇలా పెట్టు: స్ట్రెంత్ 15 తీసుకుని +2 అక్కడ పెట్టు, 17 అవుతుంది. కరిజ్మా 15 తీసుకుని +1 అక్కడ, 16. కాన్‌స్టిట్యూషన్ 14. డెక్స్టెరిటీ 10. ఇంటెలిజెన్స్, విజ్డమ్ రెండూ 8. నీ 27 పాయింట్లూ సరిగ్గా సరిపోతాయి. చాలామంది డెక్స్టెరిటీని 8కి దించి విజ్డమ్ 10 పెడతారు, నాకది నచ్చదు. విజ్డమ్ సేవింగ్ త్రోల్లో (మంత్రాల నుంచి తప్పించుకోవడానికి వేసే పాచికల్లో) పాలడిన్‌కి ఎలాగూ ప్రొఫిషియెన్సీ ఉంది, లెవెల్ 6లో వచ్చే ఆరా వల్ల కరిజ్మా బోనస్ కూడా కలుస్తుంది, అది పక్కనున్న నీవాళ్లకి కూడా. డెక్స్టెరిటీ తగ్గితే మాత్రం ఎవరూ పూడ్చరు, దాని ప్రభావం ఎంతో కింద చెప్తాను.

పాలడిన్ డివైన్ స్మైట్ గురించి ఒక్క మాట, అంటే స్పెల్ స్లాట్ (మంత్రాలు వేసే వాటా) ఒకటి ఖర్చు పెట్టి కత్తి దెబ్బకి డ్యామేజ్ కలపడం. దాన్ని ముందే నొక్కి కొట్టకు. రియాక్షన్స్ పేజీలోకి వెళ్లి "అడుగు" అన్న ఆప్షన్ పెట్టుకో. దెబ్బ తగిలాకే "స్మైట్ వాడాలా" అని అడుగుతుంది. తగలని దెబ్బ మీద స్పెల్ స్లాట్ పోదు, క్రిట్ (పాచిక మీద 20) పడినప్పుడు స్మైట్ పాచికలు కూడా రెట్టింపవుతాయి కాబట్టి అప్పుడే ఖర్చు పెట్టుకోవచ్చు.

లెవెల్ 4 ఫీట్ దగ్గర అందరూ గ్రేట్ వెపన్ మాస్టర్ తీసుకోమంటారు. గురిలో 5 తగ్గి, డ్యామేజ్‌కి 10 కలుస్తుంది. నేను ఒకరోజు కాగితం పెట్టుకుని లెక్కేశాను, అదే ఇక్కడ రాస్తున్నాను. స్ట్రెంత్ 17, లెవెల్ 4, రెండు చేతుల పెద్ద కత్తి, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ 15, క్రిట్ల లెక్క పక్కన పెట్టాను. స్ట్రెంత్‌ని 19 చేసుకుంటే దెబ్బకి సగటు 11, తగిలేది 60 శాతం, అంటే కొట్టిన ప్రతిసారీ వచ్చేది సుమారు 6.6. గ్రేట్ వెపన్ మాస్టర్ తీసుకుంటే దెబ్బ 20, కానీ తగిలేది 30 శాతమే, చేతికొచ్చేది 6. చూశావా, ఉత్తినే వాడితే నష్టమే. ఇప్పుడు అడ్వాంటేజ్ ఉందనుకో, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటాం, అప్పుడు మొదటిది 9.2, రెండోది 10.2. దాని మీద బ్లెస్ కూడా ఉంటే, అంటే ప్రతి దెబ్బకీ నాలుగు ముఖాల పాచిక ఒకటి అదనంగా కలిస్తే, మొదటిది సుమారు 10, రెండోది 13 దాటుతుంది. కాబట్టి ఆ ఫీట్ మంచిదా కాదా అని అడిగితే సమాధానం నీ హీరో దగ్గర లేదు, నీ జట్టులో క్లెరిక్ అయిన షాడోహార్ట్ దగ్గర ఉంది. ఆమె మొదటి టర్న్‌లో బ్లెస్ వేస్తుందా? వేస్తే తీసుకో, లేకపోతే స్ట్రెంత్ పెంచుకో. నన్నడిగితే బిల్డ్ అనే మాటకి అర్థమే ఇది, నలుగురినీ ఒకే పళ్లెంలో పెట్టి చూడాలి.

ఆ నలుగురి సంగతి గబగబా చెప్పేస్తాను. షాడోహార్ట్ ట్రికరీ డొమైన్‌తో వస్తుంది, విథర్స్ దగ్గరే లైట్ లేదా లైఫ్‌కి మార్చెయ్. నేను లైట్ వైపు, ఎందుకంటే శత్రువు కొట్టబోతుంటే రియాక్షన్‌తో వాడి గురి చెడగొట్టే శక్తి మొదటి లెవెల్ నుంచే వస్తుంది. గేల్‌ని విజార్డ్‌గానే ఉంచు, కానీ అతను కాల్చడానికి లేడు, అవతలివాళ్లని ఆపడానికి ఉన్నాడు. నాలుగో చోటులో ఇద్దరు బాగుంటారు. ఆస్టారియన్‌ని రేంజర్ చేసి మూడో లెవెల్‌లో గ్లూమ్ స్టాకర్ తీసుకుంటే ఇనిషియేటివ్‌కి (ఎవరు ముందు ఆడాలో తేల్చే అంకెకి) 3 కలుస్తుంది, మొదటి టర్న్‌లో ఒక దెబ్బ అదనం. లేదా కార్లాక్.

కార్లాక్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆమెని బెర్సర్కర్ బార్బేరియన్ చేసి, స్ట్రెంత్ 17 పెట్టి, లెవెల్ 4లో టావెర్న్ బ్రాలర్ ఫీట్ తీసుకో. స్ట్రెంత్ ఒకటి పెరిగి 18 అవుతుంది, విసిరే ప్రతి వస్తువుకీ గురిలోనూ డ్యామేజ్‌లోనూ స్ట్రెంత్ బోనస్ రెండుసార్లు కలుస్తుంది. గోబ్లిన్ క్యాంపు వ్యాపారి దగ్గర రిటర్నింగ్ పైక్ అని ఒక బల్లెం దొరుకుతుంది, విసిరితే మళ్లీ చేతికొచ్చేస్తుంది. అక్కడ యుద్ధం మొదలుపెట్టకముందే కొనుక్కో. కోపం తెచ్చుకున్నాక బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో యాక్షన్ కాక చేసుకోగలిగే ఇంకో చిన్న పని) కూడా విసరొచ్చు, తగిలినవాడు కింద పడతాడు. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి గారి పేరు మీద స్టేడియం ఉంది, ఆయన గుండె మీద ఏనుగుని ఎక్కించుకునేవారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. కార్లాక్ ఒక గోబ్లిన్‌ని ఎత్తి ఇంకో గోబ్లిన్ మీదకి విసిరినప్పుడు నాకు ఆ కథలే గుర్తొస్తాయి. నిజంగానే అలా విసరొచ్చు, ప్రయత్నించి చూడు.

ఇప్పుడు అసలు విషయం, టర్నులు. బల్ల మీద ఆడే ఐదో ఎడిషన్‌లో ఎవరు ముందు అన్నది ఇరవై ముఖాల పాచికతో తేలుస్తారు. ఈ గేమ్‌లో దానికి వేసేది నాలుగు ముఖాల పాచిక. చాలామందికి ఈ సంగతి తెలీదు. డెక్స్టెరిటీ 16 ఉన్నవాడికి వచ్చేది 4 నుంచి 7 మధ్య, 10 ఉన్నవాడికి 1 నుంచి 4 మధ్య. అంటే మొదటివాడికి ఎంత చెత్త పాచిక పడినా రెండోవాడి బంగారు పాచికతో సమానం. డెక్స్టెరిటీని 8కి దించొద్దని అందుకే అన్నాను. జట్టులో కనీసం ఇద్దరు శత్రువులకన్నా ముందు ఆడాలి, వాళ్లలో ఒకరు గేల్ అయితే ఇంకా మంచిది. అలర్ట్ ఫీట్ తీసుకుంటే ఇనిషియేటివ్‌కి ఏకంగా 5 కలుస్తుంది, ఆపైన అతన్ని ఎవరూ ఏమరుపాటున పట్టుకోలేరు. పైన పోర్ట్రెయిట్ల వరుసలో నీవాళ్లు పక్కపక్కన పడితే వాళ్లలో ఎవరు ముందు ఆడాలో నువ్వే మార్చుకోవచ్చు, అది కూడా వాడుకో.

ముందు ఆడాక ఏం చెయ్యాలి? మన ఊళ్లలో చెడుగుడు ఆడని పిల్లలుండరు కదా. కూతకెళ్లినవాడు అవతలి నలుగురి మీదకీ చెయ్యి విసిరి ఎవరినీ ముట్టుకోకుండా వస్తే పాయింటు రాదు, ఒకణ్ణి గట్టిగా ముట్టుకుని గీత దాటితే అవతల ఒక మనిషి తగ్గుతాడు. ఇక్కడా అంతే. ఈ గేమ్‌లో ఒక్క హెచ్‌పీ (ప్రాణబలం) మిగిలినవాడు కూడా నిండు బలంతోనే కొడతాడు. నువ్వు పంపిన వీడియోలో మూడో రౌండు దగ్గర ఆపి చూడు, ఆరుగురు గోబ్లిన్లకి సగం సగం హెచ్‌పీ ఉంది, ఒక్కడూ పోలేదు. అదే డ్యామేజ్ ముగ్గురి మీదే పడి ఉంటే తర్వాతి రౌండులో నీ మీద మూడు దెబ్బలు తగ్గేవి. మొదట ఎవణ్ణి తీసెయ్యాలంటే, చావడానికి దగ్గరగా ఉండి ఎక్కువ హాని చేసేవాణ్ణి. మంత్రం వేసేవాడు, విల్లు పట్టినవాడు ముందు, పెద్ద కవచం తొడిగినవాడు చివర్న.

చంపలేనివాణ్ణి ఆపాలి. చంపడం ఎంతో ఆపడమూ అంతే విలువ. గేల్ వేసే గ్రీజ్‌లో ఇద్దరు జారిపడితే వాళ్ల నడకలో సగం లేవడానికే పోతుంది. హోల్డ్ పర్సన్ తగిలినవాడు కదలడు, పైగా దగ్గర నుంచి కొట్టిన ప్రతి దెబ్బా క్రిట్ అవుతుంది, నీ పాలడిన్ స్మైట్ దాచుకోవాల్సింది సరిగ్గా దానికోసం. తర్వాత లెవెల్ 5లో హిప్నాటిక్ ప్యాటర్న్ వస్తే ఒక్క మంత్రంతో నలుగురు, ఐదుగురు నిలబడిపోతారు, వాళ్లని ముట్టుకోకుండా మిగతావాళ్ల పని చూసుకోవాలి, ఎందుకంటే దెబ్బ తగిలితే మేలుకుంటారు. ఏ మంత్రం ఎవరి మీద అన్నది ఊహించాల్సిన పని లేదు, శత్రువు మీద రైట్ క్లిక్ చేసి ఎగ్జామిన్ చూడు, ఎందులో బలహీనుడో స్టాట్లన్నీ అక్కడే ఉంటాయి.

కాన్సంట్రేషన్, అంటే వేసిన మంత్రాన్ని పట్టి ఉంచే ఏకాగ్రత, దాని దగ్గర నేను నేర్చుకున్న పాఠం ఒకటి చెప్తాను. కొండదారికి వెళ్లే వంతెన దగ్గర గిత్‌యాంకీ గస్తీ దళం ఒకటి ఉంటుంది, నువ్వింకా అటు వెళ్లినట్టు లేవు. మేమిద్దరం లెవెల్ 5లో వెళ్లాం. బావమరిది చేతిలో గేల్, నా చేతిలో పాలడిన్. వాడు నా మీద హేస్ట్ వేశాడు, నాకు ఒక యాక్షన్ అదనంగా వచ్చింది, నాలుగు దెబ్బల్లో ఇద్దరిని పడగొట్టి ఇక అయిపోయిందనుకున్నాను. మిగిలినవాళ్లు నా వైపు చూడనే లేదు. ఇద్దరు ఒక్క గెంతులో నన్ను దాటి గేల్ మీద పడ్డారు. దెబ్బ తిన్న ప్రతిసారీ కాన్సంట్రేషన్ నిలుస్తుందో లేదో ఒక పాచిక పడుతుంది, కనీసం 10 రావాలి, తిన్న డ్యామేజ్‌లో సగం అంతకన్నా ఎక్కువైతే అది రావాలి. మొదటి దెబ్బకి నిలబడ్డాడు, రెండోదానికి పోయింది. హేస్ట్ పోతే ఊరికే పోదు, ఎవరి మీద ఉందో వాడికి నీరసం వచ్చి ఒక టర్న్ మొత్తం పోతుంది. నా పాలడిన్ అంతమంది మధ్యలో కత్తి పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. ఆ టర్న్‌లో నా మీద పడ్డ దెబ్బలు ఒక్కొక్కటీ తెర మీద చూస్తున్నాం, హెడ్‌సెట్‌లో టెక్కలిలో వాడింటి రేకుల మీద పడుతున్న వాన చప్పుడు తప్ప ఇంకో మాట లేదు.

తర్వాతిసారి మేం మార్చింది రెండే. గేల్‌ని బండ వెనక, వాళ్ల చూపు పడని చోట నిలబెట్టాం. హేస్ట్ మంత్రం బదులు నేను స్పీడ్ పోషన్ తాగాను. దానికీ మూడు టర్నుల తర్వాత అదే నీరసం ఉంటుంది, కానీ మధ్యలో ఇంకొకడి మీద దెబ్బ పడితే తెగిపోయే దారం కాదది. అదే లెవెల్, అదే ఆయుధాలు, ఒక్కరు కూడా పడిపోకుండా గెలిచాం.

ఇందులోంచి నీ జట్టుకి పనికొచ్చేది ఏంటంటే, కాన్సంట్రేషన్ మంత్రం ఒక మనిషికి ఒకసారికి ఒకటే నిలుస్తుంది. ఇప్పుడు లెవెల్ 4లో షాడోహార్ట్ బ్లెస్ పట్టుకుంటుంది. లెవెల్ 5లో ఆమెకి స్పిరిట్ గార్డియన్స్ వస్తుంది, చుట్టూ తిరిగే ఆ వెలుగులు దగ్గరికొచ్చినవాళ్లని కోస్తాయి, వాళ్ల నడకని సగానికి తగ్గిస్తాయి. అది వేసిన మరుక్షణం బ్లెస్ పోతుంది. అప్పటి నుంచి బ్లెస్ నీ పాలడిన్ పట్టుకోవాలి, అతనికీ ఆ మంత్రం ఉంది. గేల్‌ది వేరే ఒకటి. ఈ పంపకం ముందే అనుకుని ఉంచుకుంటే మధ్యలో ఒకదాని మీద ఒకటి వేసి పాడుచేసుకోవు.

ఎత్తు సంగతి. విజయనగరంలో సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల దగ్గర కింద నిలబడినవాడికి ముందువాళ్ల తలలే కనిపిస్తాయి, మేడ మీద చోటు దొరికినవాడికి కోట దాకా కనిపిస్తుంది. ఈ గేమ్‌లో ఆ మేడకి ధర కట్టారు, పై నుంచి దూరపు దెబ్బ కొడితే గురికి 2 కలుస్తుంది, కింద నుంచి పైకి కొడితే 2 తగ్గుతుంది. రెంటికీ మధ్య 4 తేడా, అంటే తగిలే అవకాశంలో 20 శాతం. దీనికి మంత్రం అక్కర్లేదు, ఫీట్ అక్కర్లేదు, యుద్ధం మొదలవ్వకముందే అక్కడికి ఎక్కి ఉంటే చాలు. నువ్వు చేస్తున్న పొరపాటు ఇక్కడే ఉంది. నలుగురినీ ఒకే గుంపుగా నడిపించి, అందరూ కింద హాలు మధ్యలో ఉండగా గోబ్లిన్ క్యాంపు నాయకుల్లో ఒకడైన డ్రోర్ రాగ్జ్లిన్‌తో మాట మొదలుపెడుతున్నావు. గుంపు విడదియ్యి. ఒక్కడే వెళ్లి మాట్లాడనీ, మిగతా ముగ్గురూ అప్పటికే తలుపు దగ్గర, ఎత్తు మీద తమ తమ చోట్లలో ఉండనీ.

తలుపు దగ్గర ఎందుకంటే, అందరూ ఒకేసారి మీద పడకుండా. ఆ గుమ్మంలో గేల్ క్లౌడ్ ఆఫ్ డాగర్స్ వేస్తే దాటే ప్రతివాడికీ కత్తుల దెబ్బ తగులుతుంది. అయితే ఒక జాగ్రత్త. గుమ్మం కాయడం కత్తి పట్టినవాళ్ల మీద పనిచేస్తుంది, దూరం నుంచి కొట్టేవాళ్ల మీద చెయ్యదు. మీ ఊరి కోట కథ నీకు నేను చెప్పక్కర్లేదు, 1757లో లోపలివాళ్ల ధైర్యానికి ఏ లోటూ లేదు, బయట ఫ్రెంచ్ సేనాని బుస్సీ దగ్గర ఫిరంగులున్నాయి. అందుకని నీవాళ్లని గుమ్మానికి ఎదురుగా నిలబెట్టకు, గోడకి పక్కగా నిలబెట్టు. విల్లు పట్టిన గోబ్లిన్‌కి నువ్వు కనపడకపోతే వాడే వెతుక్కుంటూ గుమ్మం దాటి వస్తాడు. ఎవడైనా డప్పు వైపు పరిగెడితే వాణ్ణి ముందు పడగొట్టు, అది మోగితే చుట్టుపక్కలవాళ్లంతా వస్తారు. ముగ్గురు నాయకుల్లో పూజారిణి గట్‌ని మొదట చూసుకో, ఆమె నిన్ను తన గదిలోకి ఒంటరిగా పిలుస్తుంది, అక్కడే పని అయిపోతుంది. మింథారా ఉన్న చోట పెద్ద అగాధం ఉంది, షోవ్ అన్నది బోనస్ యాక్షనే కాబట్టి కొట్టాక కూడా తొయ్యొచ్చు, కానీ తోసేస్తే ఆమె ఒంటి మీద ఉన్నవన్నీ ఆమెతోపాటే పోతాయి. వస్తువులు కావాలంటే కొట్టి చంపాలి.

చిన్నచిన్నవి రెండు మూడు. హీలింగ్ పోషన్ తాగడానికి బోనస్ యాక్షన్ చాలు, ఇద్దరు ముగ్గురు పక్కపక్కన ఉంటే వాళ్ల మధ్య నేల మీద విసిరితే అందరికీ తగులుతుంది. పడిపోయినవాణ్ణి లేపడానికి హీలింగ్ వర్డ్ దూరం నుంచే బోనస్ యాక్షన్‌తో వెయ్యొచ్చు, దానికోసం మొత్తం యాక్షన్ పాడుచేసుకోకు. నీళ్ల సీసా విసిరి తడిపినవాడికి మెరుపు, మంచు దెబ్బలు రెట్టింపు తగులుతాయి, నిప్పు మాత్రం సగమే, కాబట్టి తడిపాక ఫైర్‌బాల్ వెయ్యకు. ఆంటీ ఎథెల్ అమ్మే హిల్ జెయంట్ ఎలిక్సిర్ తాగితే లాంగ్ రెస్ట్ (క్యాంపులో రాత్రి నిద్ర) దాకా స్ట్రెంత్ 21 అవుతుంది, బాగానే ఉంటుంది, కానీ బిల్డ్ మొత్తం సీసాల మీద ఆధారపడటం నాకు ఇష్టం ఉండదు. ఇంకోటి, నీ వీడియోలో చచ్చిపోయిన ప్రతిసారీ స్పెల్ స్లాట్లు నిండుగా ఉన్నాయి. దాచుకోకు. లాంగ్ రెస్ట్‌ల మధ్య రెండు షార్ట్ రెస్ట్‌లు ఊరికే వస్తాయి, టాక్టిషియన్‌లో లాంగ్ రెస్ట్‌కి 80 క్యాంప్ సప్లైలు (తిండి సామాను) కావాలి, దారిలో కనపడిన తిండి అంతా ఏరుకుంటే అవి ఎప్పుడూ తక్కువ కావు. ప్రతి పెద్ద యుద్ధానికీ నిండు కుండలా వెళ్లి ఖాళీగా తిరిగి రావాలి.

చివరగా ఆ సాలీడు. గోబ్లిన్ల కన్నా ముందు దీన్నే చూసుకో, ఒకటే పెద్ద శత్రువు కాబట్టి ఇప్పటిదాకా చెప్పిందంతా అక్కడ చేసి చూడొచ్చు. నువ్వు కింద దానితో ముఖాముఖి కత్తి యుద్ధానికి వెళ్తున్నావు, అది ఎక్కడికంటే అక్కడికి మాయమై దూకుతుంది, విషం ఉమ్ముతుంది, నీ హీరో దాని వెనక నడవడానికే టర్నులన్నీ అయిపోతాయి. అక్కడ అడుగడుగునా గూడు కట్టిన వంతెనలున్నాయి, అవి నిప్పుకి ఇట్టే తెగిపోతాయి. చుట్టూ గుడ్లు కూడా ఉంటాయి, వదిలేస్తే మధ్యలో పిల్లల్ని బయటికి రప్పిస్తుంది, కాబట్టి నిప్పు వేసేటప్పుడు వాటినీ కలుపుకో. నలుగురినీ పైగట్టు మీద విడివిడిగా నిలబెట్టు, ఒకే ఉమ్ముకి ఇద్దరు తడవకూడదు. అది వంతెన మీదకి దూకేదాకా ఆగు. దూకిందా, గేల్ ఫైర్ బోల్ట్‌ని దాని మీద వెయ్యకు, దాని కాళ్ల కింద గూడు మీద వెయ్యి. తెగి కింద పడుతుంది, పడ్డ దెబ్బ నీ రెండు మూడు టర్నుల కత్తిపోట్లకి సమానం. మళ్లీ పైకి దూకితే ఇంకో వంతెన ఉంటుంది. నిప్పు పెట్టే ముందు మాత్రం కెమెరా ఒకసారి తిప్పి, నీవాళ్లెవరైనా అదే వంతెన మీద ఉన్నారేమో చూసుకో.